అంకెల నుంచి నాదం: ధ్వని పరివర్తకాల ఎంపికపై ఒక విమర్శ

ఒకప్పుడు ఇంట్లో పాట వినాలంటే రేడియో, గ్రామఫోను, టేపు రికార్డరు మాత్రమే సాధనాలు. 1986లో ఆదిలాబాదులో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత ఆ జిల్లా గూడేలకు తెలుగుతోపాటు గోండీ భాషా కార్యక్రమాలు కూడా రేడియో ద్వారానే అందినవి. కరీంనగరు ప్రాంతంలో ఒగ్గుకథలు క్యాసెట్ల రూపంలో ఇంటింటికీ చేరినవి. ఈ సాధనాలలో ధ్వని గాడిగానో, అయస్కాంత ముద్రగానో, విద్యుత్తరంగంగానో ఉండేది. రూపం మారినా అది తరంగమే. నేడు ఆ స్థానంలో చేతిఫోను, టెలివిజను, కంప్యూటరు వచ్చినవి. వీటిలో పాట అంటే ఒక పొడవైన అంకెల వరుస. అంకెలను చెవి వినలేదు కనుక, వాటిని తిరిగి విద్యుత్తరంగంగా మార్చే సాధనం ఒకటి తప్పనిసరి. దీనిని అంకాత్మక-సాదృశ్య పరివర్తకం అంటారు. అంగడివారు 'డాక్' అనే పొట్టి పేరుతో పిలుస్తారు.

పాట వినిపించే ప్రతి ఫోనులోను, ప్రతి టెలివిజనులోను ఈ పరివర్తకం లోపలే అమర్చి ఉంటుంది. అయినప్పటికీ దీనినే వేరొక పెట్టెగా తయారుచేసి అమ్ముతున్నారు. కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని లక్షల వరకు వీటి వెల ఉన్నది. పెద్ద నగరాలలోనైతే కొనేవాడు దుకాణానికి వెళ్లి విని చూడవచ్చు. కరీంనగరు, ఆదిలాబాదు వంటి చోట్ల ఉన్నవారు సాధారణంగా ఫోను తెరపై ప్రకటన చదివి, వినకుండానే కొనవలసి వస్తుంది. అందువల్ల ప్రకటనలోని మాటలకు శాస్త్రపు గీటురాయి అవసరమవుతున్నది.

ఇట్టి ప్రకటనలలో తరచుగా కనిపించే వాదాలు నాలుగు. అంకెలలోని శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుందనీ, నమూనాల సంఖ్య పెంచితే మెట్లు నునుపవుతాయనీ మొదటి వాదం. 16 బిట్లు చాలవు, 24 లేక 32 బిట్లు కావాలనేది రెండవది. నిరోధాల నిచ్చెనతో చేసిన పరివర్తకమే సహజమైన ధ్వని ఇస్తుందని మూడవది. కొలతలతో పనిలేదు, చెవే ప్రమాణమని నాలుగవది. ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతిక, గణిత శాస్త్రాల సాయంతోనే ఈ నాలుగింటినీ పరిశీలించవచ్చు.

మెట్ల బొమ్మ

మొదట పరివర్తకానికి అందే అంకెలు ఎట్లా పుట్టాయో తెలియాలి. ధ్వనిని మైక్రోఫోను విద్యుత్తరంగంగా మారుస్తుంది. ఆ తరంగపు ఎత్తును క్రమం తప్పకుండా, సెకనుకు వేలసార్లు కొలిచి రాసుకుంటారు. ఒక్కొక్క కొలతను ఒక నమూనా అంటారు. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఈ విచిత్రమైన సంఖ్యకు కారణం సంగీతం కాదు. ఆ కాలంలో అన్ని అంకెలను భద్రపరచడానికి వీడియో టేపులే అనువుగా ఉండేవి. ఒక్కొక్క గీతకు 3 నమూనాలు, ఒక్కొక్క క్షేత్రానికి 245 గీతలు, సెకనుకు 60 క్షేత్రాలు. ఈ మూడింటిని గుణిస్తే 44,100 వస్తుంది.

ఈ నమూనాలను కాగితంపై గుర్తించి, ఒక చుక్క నుంచి మరొక చుక్క వరకు అడ్డగీతలు గీస్తే మెట్ల ఆకారం వస్తుంది. అనేక పుస్తకాలలోను, ప్రకటనలలోను కనిపించే బొమ్మ ఇదే. దీనిని చూసిన విద్యార్థి, మధ్యలోని ధ్వని పోయిందనీ, చుక్కలు దగ్గర చేస్తే అది తిరిగి దొరుకుతుందనీ అనుకోవడం సహజమే. కాని బొమ్మలోని అడ్డగీతలు గీసినవాడివి. నమూనాలలో ఉన్నవి చుక్కలు మాత్రమే.

రేఖాగణితంలోని ఒక సంగతి ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవచ్చు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తం పోతుంది. ఆ మూడు బిందువులు ఇస్తే వృత్తం మొత్తం ఇచ్చినట్లే. మూడే బిందువులు ఉన్నాయి కనుక వృత్తం త్రిభుజంగా మారిపోయిందని ఎవరూ అనరు. అదే వృత్తంపై నాలుగవ బిందువు ఇచ్చినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ధ్వని విషయంలోను ఇట్టి సిద్ధాంతమే ఉన్నది. ఒక సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకుంటే, ఆ చుక్కల గుండా పోగల తరంగం, ఆ పౌనఃపున్య హద్దు లోపల, ఒక్కటే ఉంటుంది. 1928లో నైక్విస్ట్, 1933లో సోవియట్ శాస్త్రజ్ఞుడు కొటెల్నికోవ్ ఈ భావానికి పునాదులు వేశారు. 1949లో ప్రచురితమైన షానన్ వ్యాసం దీనిని ప్రసిద్ధం చేసింది.

మనిషి చెవి వినగల పౌనఃపున్యాలు సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. పై హద్దు చిన్న పిల్లలకే వర్తిస్తుంది, వయసుతోపాటు అది దిగిపోతూ వస్తుంది. సెకనుకు 44,100 నమూనాలు 22,050 హెర్ట్జ్ లోపలి ధ్వని మొత్తానికి సరిపోతాయి. పరివర్తకం లోపల క్షణకాలం మెట్లు ఏర్పడే మాట నిజమే. కాని ఆ మెట్ల అంచులు 22,050 హెర్ట్జ్‌కు పైనున్న పౌనఃపున్యాలు. పరివర్తకం చివర ఉండే వడపోత వాటిని ఆపివేస్తుంది. బయటకు వచ్చేది నునుపైన తరంగమే. ఓసిల్లోస్కోపు ఉన్న కళాశాల ప్రయోగశాలలో 1,000 హెర్ట్జ్ స్వరాన్ని ఫోనులో వాయించి చూస్తే తెరపై మెట్లు కనిపించవు.

సెకనుకు 96,000 లేదా 1,92,000 నమూనాలు బొత్తిగా నిరుపయోగమని దీని అర్థం కాదు. ముద్రణశాలలో ధ్వనిని మార్పుచేర్పులు చేసేటప్పుడు ఆ వెసులుబాటు పనికివస్తుంది, వడపోత తయారీ కూడా సులభమవుతుంది. ఇంటి శ్రోతకు మెట్ల బొమ్మ చూపి ఎక్కువ వెల అడగడం మాత్రం శాస్త్రసమ్మతం కాదు.

బిట్ల లెక్క

రెండవ వాదం బిట్లకు సంబంధించినది. దీనిని తూకంతో పోల్చవచ్చు. కరీంనగరు వెండితీగ పని పేరుపొందినది, దానికి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా ఉన్నది. వెండి తూచే త్రాసు దగ్గర 1, 2, 4, 8 గ్రాముల రాళ్లు నాలుగే ఉన్నాయనుకుందాం. వాటితో 1 నుంచి 15 వరకు ఏ పూర్తి గ్రాము బరువునైనా తూచవచ్చు. 13 తూచాలంటే 8, 4, 1 వేయాలి, 2 తీసివేయాలి. వేసిన రాయికి 1, వేయనిదానికి 0 రాస్తే 13 అనే బరువు 1101 అవుతుంది. ఒక్కొక్క రాయి ఒక బిట్టు. 16 రాళ్లుంటే సున్నతో కలిపి 65,536 మెట్టులు, 24 ఉంటే 1,67,77,216 మెట్టులు వస్తాయి. పరివర్తకంలో రాళ్లకు బదులు విద్యుత్ప్రవాహాలు ఉంటాయి.

ఒక్కొక్క బిట్టు పెరిగితే గట్టి ధ్వనికీ, అడుగున మిగిలే రొదకూ మధ్య దూరం సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఆ లెక్కన 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెళ్లు. సంఖ్య పెద్దదే. అయితే వినే గది సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. రామగుండంలోనో, ఆదిలాబాదులోనో వేసవి మధ్యాహ్నం పాట వినేవాడు ఫ్యాను ఆపి వినడు. ఫ్యాను తిరిగే గదిలో నేపథ్యపు చప్పుడు 40 నుంచి 50 డెసిబెళ్ల మధ్య ఉండడం సామాన్యం. దానిని 45 అనుకుంటే, 16 బిట్ల అడుగు రొద ఆ చప్పుడును అందుకోవాలంటే పాటలోని గట్టి ఘట్టం 45కు 96 కలిపి 141 డెసిబెళ్లు ఉండాలి. అది చెవికి నొప్పి పుట్టించే హద్దును దాటిన ధ్వని. ఈ లెక్క స్థూలమైనదే. రొద ఏ పౌనఃపున్యాలలో ఉన్నదనే దానిని బట్టి కొంత మారుతుంది. కాని ఫలితం తలకిందులయ్యేటంత మారదు.

24 బిట్ల చివరి మెట్టుకు ప్రకృతి కూడా అడ్డువస్తుంది. ఇంటి పరివర్తకాలు సామాన్యంగా 2 వోల్టుల గరిష్ఠ సంకేతం ఇస్తాయి. ఇది సగటు వర్గమూల విలువ. కొన నుంచి కొనకు కొలిస్తే 5.66 వోల్టులు. దీనిని 65,536తో భాగిస్తే 16 బిట్లలో ఒక మెట్టు 86 మైక్రోవోల్టులు. 24 బిట్ల మెట్టు 0.34 మైక్రోవోల్టు మాత్రమే. ఇక ఏ నిరోధంలోనైనా ఎలక్ట్రానుల ఉష్ణచలనం వల్ల కొంత వోల్టేజి తనంతట తానే పుడుతుంది. దీనిని 1928లో జాన్సన్ ప్రయోగంలో చూపగా, నైక్విస్ట్ సిద్ధాంతరీత్యా వివరించాడు. 1,000 ఓముల నిరోధం 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, 20,000 హెర్ట్జ్ వెడల్పులో 0.58 మైక్రోవోల్టు రొద ఇస్తుంది. అనగా ఒక్క మామూలు నిరోధపు రొదే 24 బిట్ల చివరి మెట్టును మించుతున్నది. ఎంతో శ్రద్ధతో చేసిన పరివర్తకాలలో కూడా నిజంగా దక్కేది 20, 21 బిట్ల సూక్ష్మతే. 32 బిట్లు అని ముద్రించినప్పుడు దాని అర్థం, ఆ పెట్టె అంతటి పొడవైన అంకెలను స్వీకరిస్తుందని. అంత సూక్ష్మంగా తూచగలదని కాదు.

నిచ్చెన, తూము

మూడవ వాదానికి ఒక చరిత్ర ఉన్నది. తొలి పరివర్తకాలు పైన చెప్పిన తూకపురాళ్ల పద్ధతిలోనే, విలువ గల నిరోధాలను నిచ్చెనలాగా పేర్చి చేసినవి. ఈ పద్ధతిలో కష్టమంతా పెద్దరాయి దగ్గర ఉన్నది. 16 బిట్లలో అతి పెద్ద రాయి విలువ 32,768. నిరోధంలో నూటికి ఒకటి తప్పు ఉంటే ఆ రాయి ఒక్కటే 328 మెట్టుల తేడా తెస్తుంది. తప్పు అర మెట్టులోపు ఉండాలంటే నిరోధం విలువ 65,536లో ఒక వంతు వరకు సరిగా ఉండాలి. 24 బిట్లకైతే కోటీ 67 లక్షలలో ఒక వంతు. మంచి రకం నిరోధం కూడా ఒక డిగ్రీ వేడి పెరిగితే పది లక్షలలో 25 వంతులు మారవచ్చు. ఇది కావలసిన సూక్ష్మతకు సుమారు 400 రెట్లు. ఒకే పలకపై ఉన్న నిరోధాలు కలిసి మారుతాయి గనుక దోషం కొంత తగ్గుతుంది. అయినా నిచ్చెన పరివర్తకంపై 24 బిట్ల నిజమైన సూక్ష్మత ఉన్నదని రాస్తే, దానికి కొలతల నివేదిక చూపమని అడగడం న్యాయం.

ఈ చిక్కు నుంచి బయటపడే దారి 1982లోనే కనిపించింది. ఆ సంవత్సరం అక్టోబరులో జపానులో విడుదలైన సోనీ సంస్థ తొలి డిస్కు యంత్రం 16 బిట్ల పరివర్తకాన్ని వాడింది. ఫిలిప్స్ సంస్థ చేతిలో ఉన్నది 14 బిట్ల పరివర్తకం, అనగా 16,384 మెట్టులు మాత్రమే. ఆ సంస్థ ఇంజనీరులు నమూనాల వేగాన్ని నాలుగు రెట్లు, 1,76,400కు పెంచి, ప్రతి నమూనాలోను కలిగే తప్పును తరువాతి నమూనాలో సరిదిద్దే ఏర్పాటు చేశారు. రొదలో చాలా భాగం చెవికి అందని పౌనఃపున్యాలకు తరలిపోయింది. 14 బిట్ల పెట్టె 16 బిట్ల పని చేసింది. వేగాన్ని ఇచ్చి సూక్ష్మతను కొనుక్కోవచ్చని ఈ ఉదాహరణ చూపుతున్నది.

నేటి పరివర్తకాలలో అధిక భాగం ఈ మార్గాన్నే చివరివరకు తీసుకుపోయినవి. కరీంనగరు పక్కనున్న దిగువ మానేరు జలాశయాన్ని ఊహించండి. దానిలోకి నీరు వదిలే తూముకు పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం అనే రెండే స్థితులు ఉన్నాయనుకుందాం. తూమును వేగంగా తెరుస్తూ, మూస్తూ ఉంటే, తెరచి ఉన్న కాలపు నిష్పత్తిని బట్టి జలాశయంలో మట్టం ఏ ఎత్తుకైనా నిదానంగా చేరుతుంది. ఒడ్డున నిలబడినవానికి తూము కొట్టుకోవడం కనిపించదు, మట్టం మెల్లగా ఎక్కి దిగడమే కనిపిస్తుంది. ఆధునిక పరివర్తకంలో ఇట్టి తూములు కొన్నే ఉంటాయి. అవి సెకనుకు లక్షలసార్లు కొట్టుకుంటాయి. చివరనున్న వడపోత జలాశయం పని చేస్తుంది. నాణ్యమైన నిరోధాల కోసం వెతకవలసిన అవసరం తగ్గినందువల్లనే వేలెడంత తీగలో ఇమిడిన పరివర్తకం సైతం నేడు మంచి కొలతలు ఇవ్వగలుగుతున్నది. చవక కాబట్టి నాసిరకమని అనుకోవడానికి ఇక్కడ ఆధారం లేదు.

చెవి సాక్ష్యం

ఇక నాలుగవ వాదం. కొత్త పెట్టె పెట్టగానే తెర తొలగినట్లయిందనీ, గొంతు వెచ్చగా వినిపించిందనీ రాసేవారు అబద్ధమాడుతున్నారని అనరాదు. వారు విన్నది నిజమే కావచ్చు, కారణం మాత్రం వేరే ఉండవచ్చు. ఫోను ఇచ్చే సంకేతం 1 వోల్టు, కొత్త పెట్టె ఇచ్చేది 2 వోల్టులు అయితే, కొత్త దాని ధ్వని 6 డెసిబెళ్లు గట్టిగా ఉంటుంది. కొద్దిగా గట్టిగా ఉన్న ధ్వనిని చెవి గట్టిదని చెప్పదు, బాగున్నదని చెబుతుంది. దీనికి తోడు ఏ పెట్టె ఖరీదైనదో వినేవానికి ముందే తెలుసు.

ఈ రెండు దోషాలను తొలగించి చేసిన పరీక్షలు ఉన్నాయి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికనులు ప్రచురించిన పరీక్షలో, ఎక్కువ సూక్ష్మత గల ముద్రణలను ఒకసారి నేరుగా, మరొకసారి డిస్కు స్థాయికి దించి వినిపించారు. 554 ప్రయత్నాలలో శ్రోతలు సరిగా గుర్తించినవి 276, అనగా నూటికి 49.8. బొమ్మా బొరుసూ వేసినా ఇంతే వస్తుంది. మరొక వైపు, 2016లో రైస్ అనే పరిశోధకుడు ఇట్టి 18 పరిశీలనలను కలిపి లెక్కించగా నూటికి 52.3 వచ్చింది. ప్రయత్నాలు 12 వేలకు పైబడి ఉన్నందువల్ల ఈ చిన్న తేడాను కేవలం యాదృచ్ఛికమని కొట్టివేయలేము. శిక్షణ పొందిన శ్రోతలలో అది ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి తేడా లేనే లేదని శపథం చేయడం కూడా అతివాదమే. ఉన్న తేడా అంత స్వల్పమైనప్పుడు, దానికోసం నెల జీతం వెచ్చించడం తగునా అనేది ప్రశ్న.

ఈ పరీక్షను పాఠశాలలోనే చేయవచ్చు. రెండు పరివర్తకాలు, ఒక వర్ధకం, ఒక మల్టీమీటరు, ఒక రూపాయి బిళ్ల ఉంటే చాలు. రెండింటిలోను ఒకే స్వరం వాయించి, ఒకే మీటరుతో వోల్టేజిని కొలిచి, వీలైనంత సమానం చేయాలి. 0.1 డెసిబెలు అంటే వోల్టేజిలో నూటికి 1.2 వంతుల తేడా. తరువాత ఒక విద్యార్థి తెర వెనుక బిళ్ల ఎగరవేసి, బొమ్మ పడితే మొదటి పెట్టెను, బొరుసు పడితే రెండవదానిని కలపాలి. వినేవారు కాగితంపై ఏదో ఒకటి రాయాలి. పదిసార్లలో తొమ్మిది గాని, పది గాని సరిగా గుర్తిస్తేనే నమ్మదగినది. ఊహించి రాసేవానికి ఆ అదృష్టం పట్టే అవకాశం 1,024లో 11 మాత్రమే. ఈ ఒక్క గంటలో డెసిబెలు, సంభావ్యత, నిష్పాక్షిక పరీక్ష అనే మూడు పాఠాలు జరుగుతాయి.

నిజంగా తేడా తెచ్చేవి

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పరివర్తకాలన్నీ ఒకటేనని తేల్చరాదు. వాటి మధ్య వినిపించే తేడాలు ఉన్నాయి. అవి ప్రకటనలో పెద్ద అక్షరాలలో ఉండవు, అంతే.

మొదటిది గుయ్యిమనే శబ్దం. దేశమంతటా విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రం నుంచి వచ్చినా, మరెక్కడి నుంచి వచ్చినా పౌనఃపున్యం ఇదే. కంప్యూటరుకూ, వర్ధకానికీ వేర్వేరు చోట్ల నుంచి భూమితీగ ఉంటే, రెండింటినీ కలిపే ధ్వనితీగతో ఒక వలయం ఏర్పడి, దానిలో 50 హెర్ట్జ్ ప్రవాహం పారుతుంది. స్పీకరులో గుయ్యిమని వినిపించేది అదే. వేసవిలో భూమిగుంట ఎండిపోయిన ఇళ్లలో సమస్య ఇంకా చిక్కుపడుతుంది. ల్యాప్‌టాపు ఛార్జరు తీసివేస్తే శబ్దం ఆగినదా, దోషం ఛార్జరు దారిలో ఉన్నట్లు. దీనికి బిట్లు పెంచడం మందు కాదు. కాంతి ద్వారా అంకెలు పంపే గాజు లేక ప్లాస్టిక్ తీగను స్వీకరించే పరివర్తకం మందు. కాంతితీగలో విద్యుత్తు పారదు కనుక వలయం తెగిపోతుంది. కొందరు ప్లగ్గులోని భూమిపిన్నును విరిచి ఈ శబ్దాన్ని ఆపుతారు. అది ప్రాణాపాయం, ఎంతమాత్రం చేయరాదు.

రెండవది పరివర్తకం ఎక్కడ ఉన్నదనే విషయం. బ్లూటూత్ ద్వారా పనిచేసే స్పీకరులోను, ఇయర్‌ఫోనులోను పరివర్తకం వాటి లోపలే ఉంటుంది. ఫోను పంపేది అంకెలనే. అట్టి స్పీకరు ఉన్నవారు వేరే పరివర్తకం కొంటే అది దారిలోకే రాదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఎంతో డబ్బు మిగులుతుంది.

మూడవది నిర్గమ నిరోధం. చెవికి పెట్టుకునే సాధనాల నిరోధం 16, 32 ఓములు ఉండవచ్చు, పౌనఃపున్యంతో అది మారుతూ ఉండవచ్చు. పరివర్తకం నిర్గమ నిరోధం కూడా దానితో పోల్చదగినంత ఉంటే, ఓం నియమం ప్రకారం వోల్టేజి రెండింటి మధ్య పంచబడి, కొన్ని స్వరాలు హెచ్చుగా, కొన్ని తగ్గుగా వినిపిస్తాయి. నిర్గమ నిరోధం చెవి సాధనపు నిరోధంలో ఎనిమిదవ వంతుకు మించకుండా చూసుకోవడం మంచి నియమం.

నాలుగవది టెలివిజను. పాత వర్ధకాన్ని కొత్త టెలివిజనుకు కలపడానికి పరివర్తకం కొన్నవారికి కొన్నిసార్లు నిశ్శబ్దమే ఎదురవుతుంది. చవకైన పరివర్తకాలు కుదింపు లేని అంకెలను మాత్రమే అర్థం చేసుకుంటాయి. టెలివిజను సినిమాహాలు పద్ధతిలో కుదించిన సంకేతాన్ని పంపితే అవి మూగబోతాయి. టెలివిజను అమరికలలో ధ్వనిని పి.సి.ఎం. అనే రకానికి మార్చితే సరిపోతుంది. పెట్టెలో లోపం లేదు.

పై విషయాలను కలిపి చూస్తే ఎంపిక క్రమం తేలిపోతుంది. మొదట ఇంట్లో ఉన్న పరివర్తకం సరిపోతున్నదేమో చూడాలి. గుయ్యిమనే శబ్దం గాని, బుసకొట్టే రొద గాని, చాలీచాలని బిగ్గరతనం గాని లేకపోతే కొత్తది అక్కరలేదు. ఫోనులో తీగకు చోటు లేకపోతే వేలెడంత పరివర్తకం చాలు. టెలివిజనుకు పాత వర్ధకం కలపాలంటే కాంతితీగ ప్రవేశం ఉన్నది కొనాలి. కంప్యూటరు నుంచి స్పీకర్లకు కలపాలంటే 2 వోల్టుల సంకేతం, 100 డెసిబెళ్లకు పైబడిన సంకేత-రొద నిష్పత్తి ఉన్నట్లు కొలతల నివేదిక గలదానిని ఎంచుకోవాలి. మిగిలిన ధనం స్పీకర్ల మీద, వాటిని గదిలో సరిగా అమర్చడం మీద పెట్టడం వివేకం. మంచి పరివర్తకంలో వక్రత వెయ్యింట ఒక వంతు కంటె ఎంతో తక్కువ. స్పీకరులో, ముఖ్యంగా మంద్రస్వరాల దగ్గర, అది నూటికి ఒకటి రెండు వంతులు ఉండడం అరుదు కాదు. గోడలు, గచ్చు, ఖాళీ గది ప్రతిధ్వని ధ్వనిని అంతకంటె ఎక్కువగా మారుస్తాయి. ఒక మందపాటి దుప్పటి గోడకు వేలాడదీసి చూస్తే తెలుస్తుంది.

ముందే పోయిన ధ్వని

ఈ ప్రాంతపు శ్రోతకు మరొక విషయం కూడా ముఖ్యమైనది. పరివర్తకం తనకు అందిన అంకెలనే ధ్వనిగా మారుస్తుంది, అందనిదానిని కల్పించలేదు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గుకథ చెప్పడంలో ప్రసిద్ధుడు. ఆయన 2010లో మరణించారు. అట్టి కథకుల గొంతులు అనేకం క్యాసెట్లలోనే ఉండిపోయినవి. మామూలు క్యాసెట్లో ధ్వనికీ రొదకూ మధ్య దూరం 50, 55 డెసిబెళ్లు. బిట్టుకు 6 చొప్పున లెక్కిస్తే అది 9 బిట్ల పాటి. దానిని వినడానికి 32 బిట్ల పరివర్తకం కొనడం, బిందెడు నీటికి చెరువు తవ్వడం వంటిది.

క్యాసెట్టును అంకెలలోకి మార్చేటప్పుడు జరిగే అజాగ్రత్తే అసలు నష్టం. తల శుభ్రం చేయకుండా, దాని వంపు సరిచూడకుండా వాయిస్తే పై స్వరాలు పోతాయి. స్థాయి ఎక్కువ పెట్టి ఎక్కిస్తే డోలు దెబ్బల శిఖరాలు కోసుకుపోతాయి. మితిమీరి కుదిస్తే తాళాల మోత గరగరగా మారుతుంది. ఒకసారి ఇట్లా పోయినది ఎంత వెల పెట్టినా తిరిగి రాదు. 24 బిట్లకు నిజమైన చోటు ఇక్కడే ఉన్నది. ముందుగా తెలియని గట్టి దెబ్బలకు పైన ఖాళీ వదలి, స్థాయి తక్కువగా ఉంచి ముద్రించినా, అడుగు రొదలో ధ్వని మునిగిపోదు. వినేటప్పుడు అక్కరలేని సూక్ష్మత ముద్రించేటప్పుడు అక్కరకు వస్తుంది.

దీపావళి వేళ ఆదిలాబాదు గోండు గూడేలలో దండారి, గుస్సాడి జరుగుతాయి. గుస్సాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందిన మర్లవాయి కనకరాజు 2024లో మరణించారు. ఆ వాద్యాలనూ, ఆ పాటలనూ నేడు ఫోనులలో ముద్రిస్తున్నవారు అనేకులు. జోరుగా మోగే డప్పుకు అతి దగ్గరగా ఫోను పట్టుకుంటే మైక్రోఫోను తట్టుకోలేదు. నాలుగు అడుగులు వెనుకకు జరగడం ఖర్చు లేని పని. కుదించని రూపంలో దాచుకోవడం, రెండు ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచడం, ఊరు, తేదీ, పాడినవారి పేరు రాసిపెట్టడం కూడా అంతే.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఈ పనిని పాఠశాల సంఘాలకు అప్పగించవచ్చు. ఇంటి పరివర్తకం మార్చాలన్న కోరికను ఒక సంవత్సరం వాయిదా వేసుకున్న కుటుంబం, అదే డబ్బుతో ఒక మంచి చేతి రికార్డరు కొని ఊరి పెద్దల గొంతులను భద్రపరచగలదు. ఆ ముద్రణను ఏ చవక పరివర్తకంతో విన్నా అందులోని మాట, పాట స్పష్టంగానే వినిపిస్తాయి.